చప్పుడు లేని గది

2004 ఫిబ్రవరి. అరకులోయలో సంత జరిగే మైదానం వెనక, రోడ్డు వారగా ఒక కొత్త ఇల్లు. గోడలు లేచాయి, స్లాబు పడింది, ఇక లోపలి పని నాది. విశాఖపట్నంలో మందుల షాపు మేడమీద ఒక గది తీసుకుని ఇంటీరియర్ డిజైన్ వ్యాపారం మొదలుపెట్టి అప్పటికి మూడేళ్లయింది. ఆ రోజుల్లో ఇంటీరియర్ డిజైనర్ అంటే చాలామంది దృష్టిలో కర్టెన్లు అమ్మే మనిషి. మా మేనత్త, పెళ్లిళ్లలో నన్ను "ఇళ్లకు రంగులు వేయిస్తుంది" అని పరిచయం చేసేది. నేనూ దిద్దడం మానేశాను. మా పని గోడలు లేచాక, మనుషులు దిగేలోగా ఉంటుంది. మంచం ఎటు వేయాలి, చీకట్లో స్విచ్చి చేతికి ఎక్కడ తగలాలి, పొద్దుటెండ ఎవరి మొహాన పడకూడదు, ఇలాంటివన్నీ చూడటమే ఇంటీరియర్ డిజైన్.

వినడానికి హాయిగానే ఉంటుంది. అందులో సగం పని చెక్కతో, సిమెంటుతో. మిగతా సగం మనుషులతో. చెక్క చాలా నయం.

కష్టపెట్టే క్లయింట్లలో రకాలున్నాయి. బావమరిది ఇంట్లో చూసిందే తమకూ కావాలనేవాళ్లు ఒక రకం. అన్నిటికీ సరేనని, పని సగమయ్యాక వాస్తు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చేవాళ్లు ఇంకో రకం. భార్య ఒకటంటే భర్త ఇంకోటంటూ నన్ను అడకత్తెరలో పోకచెక్కను చేసేవాళ్లు మూడో రకం. వీళ్లందరినీ నెగ్గుకొచ్చాను కదా అని కాస్త గర్వంగానే ఉండేదాన్ని. అరకు ఇంటి యజమానురాలు ఎస్తేరు టీచరుగారు ఈ మూడు రకాల్లోకీ రారు.

అందరూ టీచరమ్మ అని పిలిచినా, ఆవిడ చేసింది గిరిజన బాలికల హాస్టళ్లలో వార్డెన్ ఉద్యోగం. జి.మాడుగుల కొండల్లో ఒక చిన్న గూడెంలో పుట్టారు. బాగా చిన్నతనంలోనే తండ్రి మిషన్ బోర్డింగు స్కూల్లో చేర్చాడు. చదువు, టీచరు ట్రైనింగు, ఆ తర్వాత ఉద్యోగం రంపచోడవరంలో, జి.మాడుగులలో, చివరికి అరకులో. పెళ్లి చేసుకోలేదు. ముందటి డిసెంబరులో రిటైరయ్యారు. కొత్త వార్డెన్ మంచిది కాబట్టి, ఇల్లు పూర్తయ్యేదాకా హాస్టలు ఆవరణలోనే, పెరటివైపు చిన్న గదిలో ఉండనిచ్చింది.

నన్ను ఈ పనికి పిలిచింది ఆవిడ దగ్గర చదువుకున్న పుష్ప. అరకు ఆస్పత్రిలో నర్సు. వైజాగు వచ్చి నా ఆఫీసులో కూర్చుని, "మేడం, మా టీచరమ్మ రిటైరయిన కాణ్నుంచీ సరిగ్గా నిద్దరపోడం లేదు. కళ్లు లోపలికి పోయాయి. జన్మంతా పిల్లల గోలలోనే ఉంది కదా పాపం. ఇప్పుడైనా చీమ చిటుక్కుమనకుండా పడుకునే గది ఒకటి ఆవిడకుండాల," అంది. చెబుతుంటేనే దాని కళ్లలో నీళ్లు తిరిగాయి. అంత అభిమానంగా అడిగే క్లయింటు మళ్లీ నాకు దొరకలేదు.

నిశ్శబ్దం కావాలంటే ఎలా చేయాలో నాకు తెలుసు. పడకగది వెనకవైపు, కాఫీ తోటలున్న కొండకు ఎదురుగా వచ్చింది. కిటికీలకు డబుల్ గ్లేజింగ్ పెట్టించాను, అంటే రెండద్దాల పొరలు, మధ్యలో గాలి. తలుపు చుట్టూ సందు మూసే రబ్బరు పట్టీ, బీడింగు, బిగించాం. స్లాబు కింద ఫాల్స్ సీలింగు, అంటే అసలు కప్పుకు దిగువన తేలికపాటి రెండో కప్పు. దాని పైన దూదిలాంటి మెత్తటి పలకలు పరిపించాను. రోడ్డుమీద సర్వీసు జీపులు హారన్లు కొట్టుకుంటూ పోయినా, సంతలో మేకలూ కోళ్లూ మనుషులూ కలిసి అరిచినా, ఆ గది తలుపు వేస్తే చెవుల్లో దూది పెట్టుకున్నట్టే. నా పనితనం చూసుకుని నేనే మురిసిపోయాను.

టీచరుగారు మురవలేదు. మొదటిసారి చూడగానే, "గోడలకి ఈ రంగేటమ్మా, ఆస్పత్రి లాగ?" అన్నారు. సరే, రంగు మార్చాం. తర్వాతి వారం బీరువా తలుపుల ముందు నిలబడి, "ఇంతింత తలుపులు ఎందుకు? లోపల ఎవరు దాక్కోవాల?" అన్నారు. చిన్నవి చేయించాం. మంచం తలాపు గోడవైపు పెడితే గుమ్మంవైపు తిప్పమన్నారు. తిప్పాక గది మరీ పెద్దదైపోయిందన్నారు. ఆ తర్వాత తలుపు మీద పడ్డారు.

"ఇది మరీ గట్టిగా మూసుకుపోతంది."

"మూసుకోడానికే కదండీ తలుపు," అన్నాను, వీలైనంత మెత్తగా.

"నీకు మూసుకోడానికి. నాకు తెరుచుకోడానికి," అని కర్ర టకటకలాడించుకుంటూ బయటికెళ్లిపోయారు.

మా మేస్త్రి సింహాచలంది అనకాపల్లి. చేతిలో పనుంటే నోట్లో మాట ఉండని మనిషి. అలాంటివాడికే విసుగొచ్చింది. "అమ్మా, ఈయమ్మ పొద్దున్న బిగించమంతాది, మజ్జాన్నం ఊడదీయమంతాది. నా కూతురి పెళ్లికి కూడా ఇన్ని తిప్పలు పడ్నేదు నేను. పిల్లికి సెలగాటం, ఎలక్కి పేనసంకటం," అన్నాడు. నేను నవ్వాను కానీ, వైజాగు వెళ్లే రైలెక్కాక సొరంగాలు వస్తూ పోతూ ఉంటే చీకట్లో కూర్చుని ఆవిడను తిట్టుకున్నాను.

నాకు అంతుబట్టని సంగతి ఒకటుంది. మిగతా క్లయింట్లు ఏదో ఒకటి కావాలని సతాయిస్తారు. ఈవిడ ఏదీ కావాలనరు. వద్దు అనడమే. పైగా వంటిల్లు బాగుందన్నారు, నీళ్లగది బాగుందన్నారు, హాలు చూసి తల ఊపారు. ఆవిడ తిట్లన్నీ ఆ ఒక్క పడకగది చుట్టూనే తిరిగేవి.

మా పనిలో ట్రయల్ స్టే అని ఒకటుంది. తాళాలు అప్పగించే ముందు క్లయింటును ఒక రాత్రి ఆ ఇంట్లో పడుకోమంటాం. కుళాయి బొట్టుబొట్టుగా కారడం, వీధిదీపం కళ్లలో పడటం లాంటివి పడుకుంటేనే బయటపడతాయి. టీచరుగారు ఒకసారి, ఈస్టరు ముందు చర్చిలో జరిగే శ్రమదినాల కూటాలున్నాయన్నారు. ఇంకోసారి కొత్త వార్డెనుకు జ్వరమన్నారు. మరోసారి మోకాలు. నాకేమో పని తేలడం లేదు, ఆవిడకేమో ఇల్లు తేలడం లేదు.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. "టీచరుగారూ, ఇక నావల్ల కాదు. మీకేం కావాలో ఒక్క మాట చెప్పండి, అదే చేస్తాను."

"నీవల్ల కాకపోతే బెంచీ ఎక్కి నిలబడు," అన్నారు. నవ్వుతారేమోనని చూశాను. నవ్వలేదు. కొండవైపు చూస్తూ, "అంత శ్రమ అక్కర్లేదులే. ఇల్లు అమ్మేద్దామనుకుంటన్నాను," అన్నారు.

పక్కనే ఉన్న పుష్ప, "ఇల్లమ్మేస్తావా టీచరమ్మా?" అంది.

కొనడానికి మనిషి కూడా సిద్ధంగా ఉన్నాడు. ఏజెన్సీలో భూమి గిరిజనుల మధ్యే చేతులు మారాలి. ఆయనా స్థానిక గిరిజనుడే, అప్పటికే ఊళ్లో లాడ్జీ ఉంది. టూరిస్టులు పెరుగుతున్నారు కనక రోడ్డు పక్కన ఇలాంటి ఇల్లు కోసం కాచుకుని ఉన్నాడు. బడులు తెరిచేలోగా మాట చెప్పమన్నాడట. ఇల్లిచ్చేసి, కొండల కింద తీరప్రాంతపు మైదానంలో ఉన్న మిషన్ వాళ్ల వృద్ధుల హోముకు వెళ్లిపోవాలని టీచరుగారి ఆలోచన. ఇక్కడ మైదానాన్ని 'కింద' అంటారు.

"కిందకెళ్లి ఉండాలనుందా మీకు?" అనడిగాను.

"ఉండాలనేటి? ఆ ఉక్కలో, ఆ ఉప్పుగాలిలో ఎవరికుండాలనుంటాది? పుట్టింది కొండలో, బతికింది కొండలో. ఇక్కడే మట్టైపోవాలనే ఈ ఇల్లు కట్టుకున్నాను."

"మరెందుకండీ?"

"ఈ ఇంట్లో ఉండలేను. అంతే. అడక్కు."

పుష్ప ఏడ్చేసింది. నాకు కోపమొచ్చింది, ఆ కోపం కింద భయమూ ఉంది. పోయేది నా పేరొక్కటే అయితే సర్దుకునేదాన్ని. ఆవిడ ఇష్టంలేని చోటికి వెళ్లిపోతున్నారు, వెళ్లగొట్టేది నేను చేసిన గది. కారణం మాత్రం చెప్పరు.

మార్చి చివరలో ఒక ఆదివారం మిగిలిన చిల్లర పనులు ముగించేద్దామని సింహాచలాన్ని తీసుకుని వెళ్లాను. చర్చి అయ్యాక టీచరుగారు, పుష్ప, వాళ్ల వెనకే హాస్టలు పిల్లలు కొందరు వచ్చారు. టీచరుగారికి ఊరినుంచి ఎవరో బుట్టెడు చింతపండు పంపారు, దాని గింజ తీసిపెడతామని పిల్లల ఉబలాటం. హాల్లో గోనెలు పరుచుకుని, రాళ్లతో చింతపండును దబదబా కొడుతూ గింజలు రాలుస్తున్నారు. ఒకత్తి పాట. ఇద్దరు ఎవరి రిబ్బను ఎవరు తీశారని దెబ్బలాట. వంటింట్లో సింహాచలం సుత్తి. వీధి తలుపు బార్లా తీసుంది కనక రోడ్డు మొత్తం హాల్లోనే ఉన్నట్టుంది. నాకు తలనొప్పి మొదలైంది.

టీచరుగారు ఆ మధ్యలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని అజమాయిషీ చేస్తున్నారు. "ఒసే చిలకా, గింజలన్నీ మళ్లీ పండులోనే కలిపేస్తన్నావు. కళ్లెక్కడ పెట్టావే? పండగ బట్టలమీద పెట్టావా..." అంటూ అంటూనే మాట ఆగిపోయింది. చూస్తే గడ్డం గుండెమీద ఆనింది. నిద్ర. అంతకుముందు నేనెన్నడూ చూడని మొహం అది. నొసటి ముడతలు వదులయ్యాయి, నోరు కొంచెం తెరుచుకుంది. పుష్ప నా చెయ్యి పట్టుకుని, "చూశారా మేడం, ఎన్నాళ్లయిందో ఇలాగ పడుకుని," అని గుసగుసలాడింది.

అయ్యో, పడుకోనిద్దాం అనుకున్నాను. నోటిమీద వేలు పెట్టి పిల్లలకు సైగ చేశాను. రాళ్లు ఆగాయి, పాట ఆగింది. వంటింటి గుమ్మంలోకి వెళ్లి చెయ్యి ఊపితే సుత్తీ ఆగింది. పుష్ప వెళ్లి వీధి తలుపు మెల్లగా మూసింది. ఇల్లంతా ఒక్కసారిగా సద్దుమణిగింది.

టీచరుగారు దిగ్గున లేచారు. కుర్చీ వెనక్కి పడిపోయింది.

"ఏటయింది? ఎవర్తీ మాటాడదేటి? ఎవరికేటయింది?"

పిల్లలు భయపడి దగ్గరదగ్గరగా జరిగారు. ఆవిడ వేలు చాపి లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పిల్లల్ని లెక్కపెట్టారు, పుష్పను లెక్కపెట్టారు, నన్ను లెక్కపెట్టారు. సుత్తి పట్టుకుని గుమ్మంలో నిలబడ్డ సింహాచలం మీదికి వేలు వెళ్లాక ఆగిపోయారు. అప్పుడు పూర్తిగా మెలకువ వచ్చినట్టుంది. వేలు ముడుచుకుని, పైట సర్దుకుని, "ఏటలా సూత్తన్నారు? పని సెయ్యండి," అని పెరట్లోకి వెళ్లిపోయారు. అంత కంగారులో ఆవిడ మాట కూడా గూడెం మాటకు తిరిగిపోయింది.

నేను అక్కడే నిలబడిపోయాను. జీపులు, రాళ్లు, సుత్తి, పాట ఇన్నిటి మధ్య హాయిగా నిద్రపోయిన మనిషి, చప్పుడు ఆగగానే లేచింది.

పెరట్లో సిల్వర్ ఓక్ చెట్టు కింద బండమీద కూర్చున్నారు. వెళ్లి పక్కన కూర్చున్నాను. ఈసారి రంగుల గురించి, చెక్క గురించి ఎత్తలేదు.

"టీచరుగారూ, ఒక గదిలో మీరొక్కరే ఎప్పుడైనా పడుకున్నారా?"

"అదేం ప్రశ్న?" అన్నారు. కాసేపు కర్రతో మట్టి గీకారు. "రిటైరయ్యేదాకా లేదు. చిన్నప్పుడు అమ్మ పక్కన. బోర్డింగులో వరసలో. ట్రైనింగులోనూ వరసే. ఉద్యోగానికొచ్చాక మంచం ఒక్కటే నాది, గది పిల్లలది. ఇదిగో ఇప్పుడు ఆ పెరటి గదిలో ఒక్కదాన్నీ."

"నిద్ర పట్టడం లేదు."

"పట్టదు. ఎలాగ పడతాది? హాస్టల్లో రాత్రంతా ఏదో ఒకటి వినపడతానే ఉంటాది. ఒకర్తి దగ్గుతాది, ఒకర్తి కలవరిస్తాది, ఎవర్తో రేకుపెట్టె మూత పడేస్తాది. అవన్నీ వినపడతన్నాయంటే అందరూ బాగున్నట్టు. వినపడ్డం మానేస్తేనే నేను లేవాల."

అలా ఒకసారి లేచారట. జి.మాడుగులలో ఉన్నప్పుడు మలేరియా జ్వరాలు. ఒక పిల్ల మూలుగుతూ మూలుగుతూ తెల్లవారుజామున ఆగిపోయింది. ఆ ఆగిపోవడానికే ఈవిడకు మెలకువొచ్చింది. పిల్లను భుజాన వేసుకుని, దారిలో జీపును ఆపి, ఆస్పత్రికి చేర్చారు. "బతికిందా?" అన్నాను గాభరాగా.

"బతక్కేం! ఇప్పుడు అనంతగిరి దగ్గర అనాసపళ్లమ్ముతాది. నోరు మూయమన్నా మూయదు," అన్నారు. అప్పుడు మొదటిసారి నా ముందు నవ్వారు. ఆ నవ్వు పోకముందే, "నువ్వు చేసిన గదిలో ఒకరోజు తలుపేసుకుని నిలబడ్డానమ్మా. ఏటీ వినపడలేదు. నా గుండె కొట్టుకోడం వినపడింది. భయమేసింది," అన్నారు.

"ఆ మాట నాతో అనుంటే సరిపోయేది కదండీ?"

"ఎలాగ అంటాను? ఇన్నేళ్లూ ఎంతమంది ఆడగుంటల్ని 'భయమేటే, కళ్లు మూసుకో' అని పడుకోబెట్టాను! ఈ వయసులో నాకే భయమంటే నవ్విపోరూ? ఆ పుష్ప చూడు, నా నిద్ర కోసం ఎంత తాపత్రయపడిందో. దాని ముందు ఎలాగంటాను?"

నాకు నవ్వు రాలేదు. పైగా, నిజం చెబుతున్నాను, ప్రాణం లేచొచ్చినంత తేలికైంది. ఇన్ని వారాలుగా నేను పోట్లాడుతున్నది ఒక మొండి మనిషితో అనుకున్నాను. తీరా చూస్తే ఒక గోడతో, రెండు కిటికీలతో. వాటి సంగతి నేను చూడగలను.

లోపలికెళ్లి సింహాచలాన్ని పిలిచి, హాలుకూ పడకగదికీ మధ్య గోడ తీసేద్దామన్నాను. ఇల్లు స్తంభాల మీద నిలబడింది కనక ఆ గోడ బరువు మోసేది కాదు. దాని స్థానంలో లూవర్లు పెట్టాలి. ఏటవాలుగా బిగించిన చెక్క పట్టీలను లూవర్లంటారు. అటున్న మనిషి ఇటు కనపడదు, మాట మాత్రం అటూ ఇటూ తిరుగుతుంది. చీర మార్చుకోడానికి మరుగు ఉంటుంది, ఒంటరితనం ఉండదు. ఫాల్స్ సీలింగు, రబ్బరు బీడింగు, రెండో అద్దం, అన్నీ తీసేయాలి. ముందు వరండా మీద వాన పడితే తెలిసేలా రేకులు వేయాలి.

సింహాచలం అంతా విని సుత్తి కిందపెట్టాడు. "సప్పుడు రాకుండా సెయ్యమన్నోల్ని సూశాను గానీ, సప్పుడు రావాలని డబ్బులెట్టి సేయించుకున్నోల్ని సూడ్నేదమ్మా."

"ఇప్పుడు చూస్తున్నావు కదా," అన్నారు వెనకనుంచి టీచరుగారు. "బేగి కానీ, ఆలస్యం వద్దు."

కానీ గోడ తీసేస్తే సరిపోతుందా? హాల్లో ఎవరూ లేకపోతే లూవర్ల గుండా వచ్చేదీ నిశ్శబ్దమే. ఆ సంగతి నేనే ఎత్తాను. సమాధానం పుష్ప దగ్గర దొరికింది. అప్పటికి దానికి మొత్తం అర్థమైంది, చెంగుతో కళ్లొత్తుకుని పనిలోకి దిగింది. పదో తరగతితో హాస్టలు అయిపోతుంది. పై గూడేల పిల్లలు అరకులో ఇంటర్ చదవాలంటే ఉండటానికి చోటుండదు. ఎవరి వరండాలోనో సర్దుకుంటారు, లేకపోతే చదువు మానేసి పోతారు. "టీచరమ్మా, నలుగురైదుగుర్ని నీ దగ్గర పెట్టుకోవా?" అంది.

టీచరుగారు అప్పటికప్పుడు వార్డెనైపోయారు. "బియ్యం ఎవరివి వాళ్లే తెచ్చుకోవాల. దీపాలు పెట్టేవేళకి ఇంట్లో ఉండాల. నా కర్ర ఎవర్తీ ముట్టుకోకూడదు."

హాలు గోడ పొడవునా వెడల్పైన చెక్క బెంచీ కట్టాం, పగలు కూర్చోడానికి, రాత్రి పడుకోడానికి. కింద రేకుపెట్టెలు పట్టే అరలు. పని జరిగినన్నాళ్లూ ఆవిడ మళ్లీ తిట్టారు, అయితే ఆ తిట్ల తీరే వేరు. "ఇంత ఎత్తెందుకు, గుంటలు దొర్లి పడతారు." "పెట్టె లాగితే నేల గీసుకుపోతాది, చక్రాలు పెట్టు." "బట్టలు తగిలించుకునే కొక్కేలు ఇంకా కావాల." వద్దు అనే మనిషి కావాలి అంటోంది. ఆ కొక్కేలు బిగిస్తుంటే సింహాచలం కూడా కూనిరాగం తీశాడు.

అన్నీ చేశామన్నమాటే గానీ, లాడ్జీ ఆయనకు ఆవిడ వద్దని మాత్రం చెప్పలేదు. "పడుకుని చూశాక చెప్తాను," అన్నారు. బడులు తెరిచారు, కాలేజీలో చేరికలు జరిగాయి, పిల్లలు దిగారు. నేను వైజాగులో ఇంకో పని మీదున్నాను కానీ మనసంతా అక్కడే. ఒక రాత్రి ఆవిడ లూవర్ల వెనక కళ్లు తెరుచుకుని పడుకుని ఉంటే నా గతేమిటి? ఈసారి విప్పడానికి ఇంట్లో ఏమీ మిగల్లేదు.

ఒక ఆదివారం ఇంటికి ఫోనొచ్చింది. అవతల వాన హోరు, ఎస్టీడీ బూత్‌లో ఎవరో తొందర పెడుతున్నారు. మధ్యలోంచి టీచరుగారి గొంతు, మంచి కోపంగా.

"ఏటమ్మా, ఏం ఇల్లు చేశావు నువ్వు?"

"ఏమైందండీ?"

"ఏటయిందా? చర్చి తప్పిపోయింది! పుట్టి బుద్ధెరిగాక జ్వరమొస్తే తప్ప ఆదివారం చర్చి మానలేదు నేను. నిన్న రాత్రి వాన మొదలైంది, ఆ రేకుల మీద ఒకటే హోరు, ఈ గుంటలేమో పరీక్షలేవో ఉన్నాయని గట్టిగా వల్లెవేస్తన్నారు. కాసేపు వాలదామని వాలాను. కళ్లు తెరిస్తే తెల్లగా తెల్లారిపోయి, చర్చి గంట కొట్టడం కూడా అయిపోయింది. ఒకర్తీ లేపలేదు! పడుకున్నాది కదా, పడుకోనిద్దామనుకున్నారంట."

నేను రిసీవరు చెవికి ఇంకా గట్టిగా ఆనించుకున్నాను.

"పైగా ఆ లాడ్జీ ఆయన పొద్దున్నే వచ్చాడంట, మాట తేల్చమని. తలుపు దబదబా కొట్టాడంట. నాకు వినపడనే లేదు. పిల్లలే తలుపు తీసి, టీచరమ్మ పడుకున్నాది, మళ్లీ రండి అని పంపేశారు. టీ ఇచ్చారులే."

"మళ్లీ వస్తే ఏం చెప్తారండీ?" అన్నాను.

"ఏటి చెప్తాను? ఇల్లు ఖాళీ లేదని చెప్తాను. లేదు కదా మరి," అని, బూత్ వాడిమీద ఒక కేక వేసి ఫోను పెట్టేశారు.

నేను రిసీవరు పట్టుకుని మంచంమీద కూలబడి, నవ్వో ఏడుపో తెలియకుండా కాసేపు ఉండిపోయాను. మావారు గాభరాపడి, "ఏమంది, మళ్లీ తిట్టిందా?" అన్నారు. తిట్టిందన్నాను. అంత హాయైన తిట్టు నా వృత్తిలో మళ్లీ తినలేదు.

ఆ ఇల్లు నాకు నేర్పింది ఇదీ. విసిగించే క్లయింట్లందరి వెనకా ఏదో బాధ ఉంటుందని నేననను. కొందరు ఊరికే విసిగిస్తారు, వాళ్లకు మందు లేదు. కానీ ఒక మనిషి ఒకే గది చుట్టూ తిరిగి తిరిగి తిడుతుంటే ఆ గదిని బాగుచేయడం కాసేపు ఆపి, ఆ మనిషి ఇన్నాళ్లూ ఎక్కడ, ఎలా బతికిందో కనుక్కోవాలి. అది వాళ్లను ప్రేమించేవాళ్లకు కూడా తెలియకపోవచ్చు. అందుకే ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, కొలతల టేపు తీసేముందు ఒక మాట అడుగుతాను: "ఇన్నాళ్లూ మీరు ఏ చప్పుళ్ల మధ్య నిద్రపోయారు?" ఇదేం ప్రశ్న అన్నట్టు చూస్తారు, కొందరు నవ్వేస్తారు. కాసేపు ఊరుకుంటే, అందరూ చెప్తారు.